లాయరుకు దొరికిన రక్షణ ఎవరిది?

"నేను ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి" అని ఒక మనిషి లాయరుతో చెప్పాడనుకుందాం. ఆ మాట బయటికి రావడానికి వీల్లేదు. నేరం చేసినవాడి తరఫున వాదించడం నేరం కాదు కాబట్టి ఆ సంభాషణకు చట్టం రక్షణ ఇస్తుంది. అదే మనిషి "నా దగ్గర ఫోర్జరీ దస్తావేజు ఒకటుంది, దాన్ని పెట్టి ఆస్తి స్వాధీనానికి దావా వేయండి" అన్నాడనుకోండి, ఆ మాటకు ఏ రక్షణా లేదు. ఇంకో ఉదాహరణ: కేసు ఒప్పుకున్న రోజున ఖాతా పుస్తకంలో లేని పద్దు ఒకటి విచారణ మధ్యలో కొత్తగా ప్రత్యక్షమైంది, లాయరు దాన్ని గమనించాడు. దాన్నీ దాచిపెట్టనక్కర్లేదు. ఈ ఉదాహరణలేవీ వ్యాసం కోసం అల్లినవి కావు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉన్నాయి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ 132వ సెక్షన్ కింద కొనసాగుతున్నాయి.

ఇంత పాత నిబంధన 2025లో మళ్లీ పతాక శీర్షికల్లోకి ఎక్కింది. ఆ ఏడాది జూన్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ఇద్దరు సీనియర్ న్యాయవాదులకు, అరవింద్ దాతార్‌కు, ప్రతాప్ వేణుగోపాల్‌కు, సమన్లు పంపింది. ఒక బీమా కంపెనీ షేర్ల కేటాయింపు వ్యవహారంలో ఇచ్చిన న్యాయాభిప్రాయం గురించి అడగడానికట. దేశమంతటా బార్ అసోసియేషన్లు భగ్గుమన్నాయి. ఈడీ ఆ సమన్లు ఉపసంహరించుకుంది. డైరెక్టర్ ముందస్తు అనుమతి లేకుండా ఏ న్యాయవాదినీ పిలవకూడదని జూన్ 20న సర్క్యులర్ కూడా ఇచ్చింది.

పేరున్న సీనియర్లకు సమన్లు వస్తే నాలుగు రోజుల్లో వెనక్కి పోతాయి. పేరు లేనివాళ్ల సంగతి? దాదాపు అదే సమయంలో అహ్మదాబాద్‌లో ఒక మామూలు లాయరుకు పోలీసుల నుంచి నోటీసు అందింది. అప్పు ఒప్పందం మీద నమోదైన కేసులో నిందితుడికి ఆయన బెయిలు ఇప్పించాడు, అంతే. ఆ కేసు "నిజానిజాలు" తెలుసుకోవాలి, వచ్చి చెప్పండని నోటీసు. గుజరాత్ హైకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జస్టిస్ కేవీ విశ్వనాథన్, జస్టిస్ ఎన్‌కే సింగ్‌ల ధర్మాసనం జూన్ 25న నోటీసు అమలును ఆపి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి దృష్టికి పంపింది. కోర్టు తనంతట తానే చేపట్టిన (సుమోటో) కేసు అలా పుట్టింది. అక్టోబరు 31న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ కె.వినోద్ చంద్రన్, జస్టిస్ ఎన్‌వీ అంజారియా తీర్పు చెప్పారు.

తీర్పు సారం ఇది. నిందితుడి తరఫున హాజరవుతున్న న్యాయవాదిని కేసు వివరాల కోసం దర్యాప్తు అధికారి పిలవకూడదు. 132వ సెక్షన్ మినహాయింపుల కిందికి వస్తేనే పిలవాలి. అంటే, చట్టవిరుద్ధమైన పని కోసం జరిగిన సంభాషణ అయినా కావాలి, లేదా కేసు ఒప్పుకున్నాక జరిగిన నేరాన్నో మోసాన్నో లాయరు గమనించి అయినా ఉండాలి. అప్పుడు కూడా ఏ వాస్తవాల ఆధారంగా మినహాయింపు వర్తిస్తుందంటున్నారో సమన్లలోనే విడమరిచి రాయాలి. ఎస్పీ హోదాకు తగ్గని పై అధికారి రాతపూర్వకంగా సమ్మతించాలి. ఆ సమన్లను లాయరు గానీ, క్లయింటు గానీ కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 528వ సెక్షన్ కింద హైకోర్టులో సవాలు చేయవచ్చు. కోర్టులో నడిచే కేసులకే ఇది పరిమితం కాదు, దావాకు ముందు ఇచ్చే సలహాలకూ, అసలు కోర్టు మెట్లెక్కని వ్యవహారాలకూ ఇదే వర్తిస్తుంది.

అయితే ప్రతి సమన్లనూ ముందుగా మేజిస్ట్రేటు పరిశీలించాలని, లాయర్లతో కమిటీ వేయాలని బార్ కోరితే కోర్టు ఒప్పుకోలేదు. చట్టంలో లేని కొత్త అంచెను సృష్టించనంది. దీనివల్ల క్షేత్రస్థాయిలో ఒక ఇబ్బంది మిగిలే ఉంది. ఎస్పీ సమ్మతి అంటే పోలీసు శాఖ తన పనిని తానే సరిచూసుకోవడమే. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు ఒక నోటీసును కొట్టేయించడానికి హైకోర్టు దాకా వెళ్లాలి. ఖర్చు, ప్రయాణం, ఈలోపు స్టేషన్ నుంచి ఫోన్లు. ఈడీ సమన్లు అందుకున్న సీనియర్లకున్న వెసులుబాటు తాలూకా బార్‌లో ఉండదు.

తీర్పులో లాయర్లు తక్కువగా చదివిన భాగం పత్రాల గురించి చెప్పింది. క్లయింటుతో జరిగిన సంభాషణకు రక్షణ ఉంది గానీ, లాయరు దగ్గరున్న పత్రాలకు ఆ సెక్షన్ కింద రక్షణ లేదని కోర్టు తేల్చింది. బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద అడిగితే వాటిని కోర్టు ముందు పెట్టాల్సిందే. అభ్యంతరాలుంటే కోర్టే విని తేలుస్తుంది. ఫోను, ల్యాప్‌టాప్‌ల విషయంలో మాత్రం జాగ్రత్త తీసుకుంది. పరికరాన్ని పోలీసుల చేతికి కాదు, సంబంధిత కోర్టుకే అప్పగించాలి. కోర్టు క్లయింటుకు నోటీసిచ్చి, ఇద్దరి వాదనా వినాలి. అభ్యంతరాలు తోసిపుచ్చాక కూడా లాయరు, క్లయింటు ఎదుటే దాన్ని తెరవాలి. వాళ్లు తమకు నచ్చిన సాంకేతిక నిపుణుణ్ని వెంట తెచ్చుకోవచ్చు. మిగతా క్లయింట్ల రహస్యాలు బయటపడకుండా చూసే బాధ్యత కోర్టుది. ఒక్క ఫోనులో వందమంది క్లయింట్ల వాట్సాప్ సందేశాలుండే కాలంలో ఆ చివరి షరతే అన్నిటికన్నా విలువైనది. ఎలా అమలు చేస్తారన్నది వేరే సంగతి.

కంపెనీల్లో నెల జీతానికి పనిచేసే లీగల్ మేనేజర్లకు ఈ తీర్పు చేదు మాత్రే. పూర్తికాల ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలే చెబుతున్నాయి. ప్రాక్టీసు లేనివారికి 132వ సెక్షన్ రక్షణా లేదని కోర్టు అంది. కంపెనీ తరఫున బయటి న్యాయ సలహాదారుకు రాసిన విషయాలకు 134వ సెక్షన్ కింద కొంత అండ ఉంటుంది. అదే కంపెనీ ఎండీకి, లీగల్ మేనేజరుకు మధ్య నడిచిన ఈమెయిళ్లకు ఆ అండ దొరకదు. "రహస్యం" అని పైన రాసుకుంటే సరిపోతుందనుకున్న కంపెనీలు సున్నితమైన సలహాను ఇకపై బయటి లాయరు దగ్గరే రాతపూర్వకంగా తీసుకోవాల్సి వస్తుంది.

లాయరు ఇచ్చిన అభిప్రాయం తప్పయితే అతణ్నే నిందితుణ్ని చేయవచ్చా? ఇది తెలుగువాళ్లకు బాగా దగ్గరి ప్రశ్న, ఎందుకంటే దీనిమీద ఎక్కువగా ఉదహరించే తీర్పు హైదరాబాద్ కేసులోదే. గృహ రుణాల మోసంలో బ్యాంకు ప్యానెల్ లాయరును కూడా సీబీఐ నిందితుల జాబితాలో చేర్చింది. రుణగ్రహీతలు తెచ్చిన దస్తావేజుల మీద ఆయన టైటిల్ సవ్యంగా ఉందని లీగల్ ఒపీనియన్ ఇచ్చాడు. ఆ దస్తావేజులు నకిలీవని తర్వాత తేలింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆయనపై కేసు కొట్టేసింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూ ఒక గీత గీసింది. లాయరు నిర్లక్ష్యంగా ఉంటే వృత్తిపరమైన చర్య తీసుకోండి, నష్టపరిహారం అడగండి. మోసగాళ్లతో చేతులు కలిపాడనడానికి ఆధారం లేకుండా క్రిమినల్ కేసులో మాత్రం ఇరికించకండి అంది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) చూసి సంతకం పెట్టే ప్రతి ప్యానెల్ లాయరూ ఈ తీర్పు నీడలోనే పనిచేస్తున్నాడు.

ఈ తీర్పులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. లాయరుకు దొరికినట్టు కనిపించే రక్షణ నిజానికి క్లయింటుది. క్లయింటు సమ్మతిస్తే లాయరు నోరు విప్పవచ్చని 132వ సెక్షనే చెబుతోంది. అంటే తాళంచెవి క్లయింటు చేతిలోనే ఉంది. మరి అదే క్లయింటు తన లాయరు మీదే ఫిర్యాదు పట్టుకొస్తే ఎక్కడికి వెళ్లాలి? కోర్టుల తర్కం ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడుతుంది.

2024 మే 14న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం లాయరు సేవల్లో లోపం ఉందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి వీల్లేదు. జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ పంకజ్ మిత్తల్ వేర్వేరుగా రాసి ఏకీభవించారు. ఆ కేసు మూలంలోకి వెళితే చిత్రంగా ఉంటుంది. చెక్కు బౌన్సు కేసు వేయడానికి ఢిల్లీలో ఒక వ్యక్తి లాయరును పెట్టుకున్నాడు. అవతలి పక్షం దారికొచ్చి 20,000 రూపాయల డీడీ, ఖర్చుల కింద 5,000 చెక్కు ఇచ్చింది. అవి లాయరు చేతికి అందాయి గానీ తన చేతికి రాలేదని క్లయింటు ఆరోపణ. పైగా లాయరు తన ఫీజు 5,000 రావాలంటూ క్లయింటు మీదే దావా వేశాడు. క్లయింటు వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. 2007లో జాతీయ కమిషన్ లాయర్ల సేవలూ చట్టం కిందికి వస్తాయంది. బార్ సంఘాలు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 20,000 రూపాయల తగాదా దేశంలోని లాయర్లందరి తగాదాగా మారి, తేలడానికి మరో 17 ఏళ్లు పట్టింది.

కోర్టు రెండు కారణాలు చెప్పింది. న్యాయవాద వృత్తి వ్యాపారం లాంటిది కాదు, ఫలితం లాయరు చేతిలో ఉండదు అన్నది మొదటిది. ఇందులో కాదనడానికి పెద్దగా లేదు. రెండోది చట్టపరమైనది: క్లయింటు చెప్పినట్టు నడుచుకోవాలి, అతని అనుమతి లేకుండా రాజీ పడకూడదు, ఒప్పుకోలు చేయకూడదు కాబట్టి లాయరు మీద క్లయింటుకు నేరుగా నియంత్రణ ఉంది. అలాంటి "వ్యక్తిగత సేవా ఒప్పందం" వినియోగదారుల చట్టం పరిధిలోకి రాదు. ఇది మింగుడుపడటం కష్టం. లాయరు క్లయింటుకు నోరు మాత్రమే కాదని, కోర్టుకూ బాధ్యుడని, తప్పుడు అఫిడవిట్ ఇమ్మంటే ఇవ్వకూడదని ఇతర తీర్పుల్లో చెప్పింది ఇదే కోర్టు. పైగా వాయిదా ఎప్పుడో కూడా గుమస్తాకు ఫోన్ చేసి తెలుసుకునే క్లయింటుకు లాయరు మీద "నేరుగా నియంత్రణ" ఉందంటే ఏ కోర్టు ఆవరణలోనైనా జనం నవ్వుతారు.

డాక్టర్లను చట్టం కిందికి తెచ్చిన 1995 నాటి తీర్పును కూడా పునఃపరిశీలించాలని ఆ ధర్మాసనం సూచించింది. 2024 నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అవసరం లేదని పక్కన పెట్టింది. దాంతో ఇప్పుడు డాక్టరు నిర్లక్ష్యానికి కమిషన్ ఉంది, లాయరు నిర్లక్ష్యానికి లేదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేసుకోవచ్చు. అంటే ఒక లాయరు మీద కేసుకు ఇంకో లాయరును వెతుక్కోవాలి, అదీ అదే బార్‌లో. మోసం జరిగితే క్రిమినల్ కేసు పెట్టవచ్చు. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఇవ్వకుండా ఆపుకునే హక్కు లాయరుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి తెలియక, పాత లాయరు నో అబ్జెక్షన్ ఇవ్వడం లేదని నెలల తరబడి ఆయన ఆఫీసు చుట్టూ తిరిగే కక్షిదారులు ఇప్పటికీ ఉన్నారు. కట్ట ఆపుకోవడం దుష్ప్రవర్తన కిందికి కూడా వస్తుంది.

దుష్ప్రవర్తన అన్నప్పుడు వెళ్లాల్సింది రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు. వినియోగదారుల తీర్పుకు ఊతం కూడా ఇదే: లాయర్లను అదుపు చేయడానికి వేరే యంత్రాంగం ఉంది కదా అన్నది. 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ ప్రకారం క్రమశిక్షణ కమిటీ ఫిర్యాదును కొట్టేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, న్యాయవాదుల జాబితా (రోల్స్) నుంచి పేరు తీసేయవచ్చు. క్లయింటుకు జరిగిన నష్టాన్ని పూడ్చే పరిహారం మాత్రం ఈ జాబితాలో లేదు. ఏడాదిలోగా తేల్చకపోతే ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుందని 36బీ చెబుతోంది. ఈ బదిలీ మినహాయింపుగా కాకుండా మామూలు దారిగా మారిపోయింది. రాష్ట్రంలో ఏడాది, తర్వాత ఢిల్లీలో ఎన్నేళ్లో. బదిలీ అయిన ఫిర్యాదులనైనా ఏడాదిలో ముగించాలని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

కమిటీ కూర్పు చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. ముగ్గురు సభ్యుల్లో ఇద్దరిని బార్ కౌన్సిల్ తన సభ్యుల నుంచే ఎన్నుకుంటుంది, మూడో వ్యక్తి బయటి నుంచి తీసుకున్న న్యాయవాది. ఆ కౌన్సిల్ సభ్యులు గెలిచేది లాయర్ల ఓట్లతో. ఫిర్యాదు ఎదుర్కొనే లాయరు ఓటరు, ఫిర్యాదు చేసే క్లయింటుకు ఓటు లేదు. ఎవరి నిజాయితీనీ శంకించనక్కర్లేదు, ఏర్పాటే అలా ఉంది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్ర బార్ కౌన్సిళ్లలో మహిళలకు 30 శాతం ప్రాతినిధ్యం ఉండాలంది. ఎన్నికల ద్వారా 20, కోఆప్షన్ (ఎన్నిక లేకుండా చేర్చుకోవడం) ద్వారా 10 శాతం. ఆ మార్పు ఎప్పుడో రావాల్సింది. క్లయింటు వైపు నుంచి ఒక్క మనిషినైనా కూర్చోబెట్టాలన్న మాట మాత్రం ఇంకా ఎవరూ గట్టిగా అనడం లేదు.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది, అది లాయర్ల బాధ. ఓడిపోయిన ప్రతివాది అవతలి పక్షం లాయరు మీద కక్షతో బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టడం మామూలైపోయింది. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. ఫిర్యాదుదారుకూ ఆ లాయరుకూ మధ్య వృత్తిపరమైన సంబంధమే లేనప్పుడు ఫిర్యాదును యాంత్రికంగా క్రమశిక్షణ కమిటీకి పంపకూడదంది. తన క్లయింటు తరఫున దావా వేయడం దుష్ప్రవర్తన కాదంది. ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు 50,000 రూపాయల ఖర్చులు విధించింది. ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం ఒకవైపు, తీసుకోకూడని ఫిర్యాదును నెత్తిన పెట్టుకోవడం మరోవైపు. బార్ కౌన్సిల్ రెండింటికీ మాట పడింది.

వృత్తిలోకి అడుగుపెట్టే పిల్లలకు సంబంధించిన తీర్పులు మరో గుంపు. 2024 జులై 30న జస్టిస్ డీవై చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా పేరు నమోదు) ఫీజు కథ తేల్చింది. న్యాయవాదుల చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు మాత్రం లైబ్రరీ అనీ, సంక్షేమ నిధి అనీ, ఐడీ కార్డు అనీ కలిపి అప్పట్లో 15,000 నుంచి 42,000 దాకా లాగుతుండేవి. చట్టంలో ఉన్న మొత్తానికి పైసా మించి తీసుకోకూడదని కోర్టు చెప్పింది. ఇప్పటిదాకా కట్టినవాళ్లకు తిరిగి ఇవ్వనక్కర్లేదంది. 2025 ఆగస్టులో కర్ణాటక బార్ కౌన్సిల్ మీద ధిక్కార పిటిషన్ వచ్చినప్పుడు "ఐచ్ఛిక" ఫీజు అనేదే ఉండదని మరోసారి గుర్తు చేసింది. బార్ కౌన్సిళ్ల వాదనలోనూ కొంత నిజముంది. 750 అన్న అంకె 1993లో పెట్టింది. మూడు దశాబ్దాలుగా ఆ అంకెను మార్చకుండా వదిలేసింది పార్లమెంటు. అయినా ఆ లోటును ఇంకా ఒక్క కేసు కూడా వాదించని కుర్రాడి జేబులోంచి పూడ్చుకోవడం ఎలా చూసినా సరికాదు.

లోపలికి వచ్చాక జూనియర్‌కు దొరికేదేమిటి? నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫార్సే, పాటించకపోతే అడిగేవారు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన లా నేస్తం పథకం కొత్త లాయర్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 ఇస్తామంది. సీనియర్ ఇవ్వాల్సింది ప్రభుత్వం ఇవ్వాల్సి రావడమే జూనియర్ల పరిస్థితి ఏమిటో చెబుతుంది.

ఇలాంటి చోట 2025 మే 20న వచ్చిన తీర్పు మరో బరువు మోపింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి. 1993లో పెట్టి, 2002లో తీసేసిన షరతు ఇది. నేరుగా కాలేజీ నుంచి బెంచీ మీదికి వచ్చినవాళ్లు తడబడుతున్నారని హైకోర్టులు చెప్పడంతో తిరిగొచ్చింది. ఆ మాటలో అనుభవం ఉంది. ప్రాక్టీసును తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కిస్తారు, న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ కలుస్తుంది, అప్పటికే వెలువడిన నోటిఫికేషన్లకు వర్తించదు. ఇదంతా సబబే. కానీ మూడేళ్లు నిజంగా ప్రాక్టీసు చేశాడని ధ్రువీకరణ ఎవరివ్వాలి? ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి, లేదా ఆయన ఆమోదంతో పదేళ్ల అనుభవమున్న న్యాయవాది. ఆచరణలో ఇది సీనియర్ సంతకమే. జీతం ఇవ్వని సీనియర్ దగ్గరే ఆ సంతకం కోసం నిలబడాలి. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాడు మూడేళ్లు నెట్టుకొస్తాడు. ఊరొదిలి వచ్చి అద్దె గదిలో ఉంటున్న అమ్మాయి నెట్టుకురాగలదా అన్నదానికి తీర్పులో జవాబు లేదు. స్టైపెండును తప్పనిసరి చేయకుండా ప్రాక్టీసును తప్పనిసరి చేయడం సగం పనే.

కోర్టులు కొందరు లాయర్లకు ఇచ్చే సీనియర్ అడ్వకేట్ హోదా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2017లో వచ్చిన 100 మార్కుల విధానాన్ని 2025 మే 13న జస్టిస్ అభయ్ ఓకా ధర్మాసనం ఎత్తేసింది. కొన్ని నిమిషాల ఇంటర్వ్యూకు 25 మార్కులు వేయడం ఎవరికీ రుచించలేదు. ఇప్పుడు హైకోర్టు ఫుల్‌కోర్టే, అంటే న్యాయమూర్తులంతా కలిసి, నిర్ణయిస్తుంది, వీలైతే ఏకాభిప్రాయంతో, లేకపోతే ఓటింగుతో. జిల్లా కోర్టుల్లో పనిచేసే లాయర్లనూ పరిగణించాలన్న మాట ఒక్కటే అందులో కొత్తగా ఆశపెట్టేది.

భద్రత విషయం ఇంకా పచ్చిగా ఉంది. 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో పట్టపగలు నడిరోడ్డు మీద న్యాయవాద దంపతులను నరికి చంపారు. హతుడి తండ్రి పోరాటంతో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించింది. నాలుగున్నరేళ్లు గడిచాక. రాజస్థాన్, కర్ణాటక 2023లో న్యాయవాదుల రక్షణకు ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ బార్‌కు తెలిసిన నిరసన ఒక్కటే: విధుల బహిష్కరణ.

లాయర్లకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరు 17న స్పష్టంగా చెప్పింది. వృత్తి గౌరవం దెబ్బతినే అత్యంత అరుదైన సందర్భంలో ఒక రోజుకు మించని నిరసనను చూసీచూడనట్టు వదిలేయవచ్చంది, అంతే. ఆ తీర్పు వచ్చాక బహిష్కరణలు ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో కోర్టు మరో దారి పట్టింది. ప్రతి హైకోర్టులో, జిల్లా కోర్టులో ఫిర్యాదుల పరిష్కార కమిటీ వేయండి, లాయర్ల గోడు అక్కడ వినండి అని ఆదేశించింది. సమ్మెను నిషేధించడం కన్నా సమ్మె కారణాన్ని వినే చోటు చూపడం తెలివైన పని. ఆ చోటు ఉందని ఎంతమంది లాయర్లకు తెలుసన్నది వేరే ప్రశ్న.

కేంద్రం 2025 ఫిబ్రవరి 13న న్యాయవాదుల సవరణ బిల్లు ముసాయిదా బయటపెట్టినప్పుడు ఈ పాత పుండే రేగింది. బహిష్కరణను నిషేధిస్తూ 35ఏ అనే కొత్త సెక్షన్, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలోకి కేంద్రం నామినేట్ చేసే ముగ్గురు సభ్యులు, కౌన్సిల్‌కు కేంద్రం ఆదేశాలివ్వగలిగే అధికారం అందులో ఉన్నాయి. లాయర్లు రోడ్డెక్కారు. తొమ్మిది రోజుల్లో, ఫిబ్రవరి 22న, కేంద్రం సంప్రదింపులు ఆపేసి ముసాయిదాను మళ్లీ రాస్తామంది.

నామినేటెడ్ సభ్యుల మీద బార్ అభ్యంతరం న్యాయమైనదే. ప్రభుత్వం మీద కేసు వేసే లాయరు సనదు (వృత్తి లైసెన్సు) ప్రభుత్వం చేతికి అందేలా ఉండకూడదు. అలాగని లాయర్ల ఓట్లతో గెలిచినవాళ్లే లాయర్ల మీద తీర్పు చెప్పే పద్ధతి తప్ప గత్యంతరం లేదనుకోవాల్సిన పనీ లేదు. మనకు ఈ వృత్తిని నేర్పిన ఇంగ్లండే 2007 లీగల్ సర్వీసెస్ చట్టంతో ఆ పద్ధతిని వదిలేసింది. లాయర్ల హక్కుల కోసం పోరాడే సంఘం వేరు, వాళ్లను నియంత్రించే బోర్డు వేరు. బారిస్టర్ల నియంత్రణ సంస్థలో న్యాయవాదులు కాని సభ్యులూ కూర్చుంటారు. క్లయింటు ఫిర్యాదులు వినడానికి లీగల్ అంబుడ్స్‌మన్ 2010 నుంచి పనిచేస్తోంది. ఫీజు తగ్గించమనగలదు, పని మళ్లీ చేయమనగలదు, 50,000 పౌండ్ల దాకా పరిహారం ఇప్పించగలదు. అందులో ప్రభుత్వ నామినీలు లాయరును పిలిచి బెదిరించే అవకాశం లేదు, క్లయింటు సివిల్ కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. మన దగ్గర తిరగరాస్తున్న ముసాయిదాలో 35వ సెక్షన్ కింద పరిహారం అనే మాట చేరుతుందా, కమిటీలో లాయరు కాని మనిషికి కుర్చీ దొరుకుతుందా అన్నది చూడాలి. ఈ రెండింటికీ ప్రభుత్వ నామినీలతో పనిలేదు కాబట్టి బార్ వీటిని వ్యతిరేకించడానికి ఫిబ్రవరిలో చెప్పిన కారణం పనికిరాదు.